తరుగు లేని గిలక్కాయ

ఒకరోజు ప్రభుత్వానికి ఉన్నట్టుండి ప్రజల తీరిక మీద దిగులు పట్టుకుంది. జనం తీరిక సమయాన్ని ఊరికే కూర్చుని, టీ తాగి, పక్కింటివాళ్ళ గురించి మాట్లాడుకుని ఖర్చు చేసేస్తున్నారని ఎవరో నిపుణులు లెక్క తేల్చారు. ఇంత తీరిక కళ్ళముందే నేలపాలవుతుంటే ఊరుకోకూడదని ప్రతి పట్టణానికీ ఒక అభిరుచి మంజూరు చేశారు. ఒక ఊరికి కుట్లు, అల్లికలు వచ్చాయి. ఇంకో ఊరికి పక్షులను చూడడం వచ్చింది. మా ఊళ్ళో పక్షుల్లేవండీ అని ఆ ఊరివాళ్ళు రాసుకుంటే, ముందు అభిరుచి పెంచుకోండి, పక్షుల సంగతి తరవాత పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది. బెల్లం మార్కెట్టు ఉన్న ఈ కథలోని ఊరికి మాత్రం కర్రను లేత్ మిషను మీద గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే విద్య వచ్చింది. ఎందుకంటే ఆ ఊళ్ళో మూతపడ్డ పాల కేంద్రంలో త్రీఫేజ్ కరెంటు అప్పటికే ఉంది.

దానికి 'ప్రారంభదశ తరిమెన కళాభిరుచి వికాస కేంద్రం' అని పేరు పెట్టారు. లేత్‌ను పూర్వం తరిమెన అనేవారట. పేరు గోడకంటే పొడుగైపోవడంతో 'కేంద్రం' అన్న మాటను పక్క గోడ మీదికి తిప్పి రాయాల్సివచ్చింది.

లింగమూర్తి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కల్వంలో మందులు నూరడం, చిన్న తక్కెడలో తూచడం, పొట్లాలు కట్టడం. గేదెకు ఎంత, దూడకు ఎంత అన్నది ఆయన కంటికంటే ముందు చేతికి తెలిసేది. రిటైరయ్యాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. భార్య నూకరత్నం జాలిపడి బియ్యంలో రాళ్ళు ఏరమని చాట అందించేది. ఇప్పటి బియ్యంలో రాళ్ళు కూడా ఉండడం లేదని ఆయన బాధపడేవాడు.

అలా ఉండగా కూతురు రోహిణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అంతకుముందు ఏడాది తుపానుకు విరిగి పెరట్లో పడి ఎండుతున్న జామకొమ్మను చూసి, "నాన్నా, ఇది నా కొమ్మ కదూ!" అంది.

అది ఆమె కొమ్మే. చిన్నప్పుడు బడి నుంచి రాగానే సంచీ కింద పడేసి, ఆ కొమ్మెక్కి కూర్చుని, దోరకాయలు కొరుకుతూ ఎక్కాలు అప్పజెప్పేది. కింద లింగమూర్తి నిలబడి ఎక్కాలు తప్పు పోతే దిద్దేవాడు, కాలు జారితే పట్టుకుందామని చేతులు చాపి ఉంచేవాడు. ఆ కొమ్మను పొయ్యిలో పెట్టేద్దామని నూకరత్నం ఎన్నిసార్లు అన్నా ఆయన పెట్టనివ్వలేదు. ఎందుకని అడిగితే ఆయనకే తెలిసేది కాదు. ఆ రోజు తెలిసింది. దాంతో పుట్టబోయే బిడ్డకు గిలక్కాయ చెయ్యాలి. ఉయ్యాల్లో వేసే రోజుకి బిడ్డ చేతిలో పెట్టాలి. అది తన చేత్తోనే చెయ్యాలి.

"గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నారు. ఈయన గిలక్కాయ చేస్తారంట, విన్నావేటే?" అని నూకరత్నం కూతురికి చెప్పి నవ్వింది. నవ్వుతూనే కొమ్మలో బాగున్న దుంగను వేరుచేసి, చీమలు దులిపి, పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది.

కేంద్రానికి ప్రత్యేకాధికారి ఆనందభూపతి గారు. ఆయన అంతకుముందు పాతికేళ్ళు గోదాముల శాఖలో పనిచేశారు. బస్తా లోపలికి వచ్చినప్పుడు ఎంత ఉందో బయటికి పోయేటప్పుడూ అంతే ఉండాలి, ఇదొక్కటే ఆయన జీవితంలో నేర్చుకున్న సత్యం. ఆ సత్యం ఆయన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. కాబట్టి ఇక్కడికి రాగానే గుమ్మంలో ఒక కాటా పెట్టించి, దానిమీద 'శూన్య తరుగు మా ధ్యేయం' అని రాయించారు.

"దుంగ కాటా మీద పెట్టండి" అన్నారు ఆనందభూపతి గారు లింగమూర్తితో.

అటెండరు అప్పలకొండ తూచాడు. కిలోన్నర తూగింది.

"సదరు కలప ఈ క్షణం నుంచి కేంద్రం వారి నిల్వలో భాగం" అని ఆయన గంభీరంగా ప్రకటించారు. "తమరు ఔత్సాహిక ప్రారంభికులు. తమరు తయారుచేసిన వస్తువు కేంద్రానికి అప్పగించాలి. తూకం సరిపోయిన మీదట అదే వస్తువు తమకు ప్రదానం చెయ్యబడుతుంది. అందులో సందేహానికి తావు లేదు."

"తూకం దేనితో సరిపోవాలండీ?" అని లింగమూర్తి అమాయకంగా అడిగాడు.

"ఇచ్చినదానితో" అన్నారు ఆయన, ఇంత చిన్న విషయం కూడా చెప్పాలా అన్నట్టు.

లింగమూర్తికి అప్పటికి అర్థం కాలేదు. పొడి నూరితే తూకం తగ్గదు కదా, చెక్కకూ అలాంటిదేదో పద్ధతి ఉండి ఉంటుంది, తనకు తెలియదు, నేర్చుకోవడానికేగా వచ్చాను అనుకున్నాడు. బోధకుడి కోసం చూశాడు. బోధకుడి పోస్టు ఖాళీగా ఉంది. లేత్ చుట్టూ నేల మీద ఒక పసుపు గీత గీసి ఉంది. తిరిగే యంత్రం ప్రమాదకరం కాబట్టి ఉలి పట్టినవాడు తప్ప ఎవరూ, అధికారులతో సహా, ఆ గీత దాటకూడదట. గీత అవతల నిలబడితే లోపల ఉలి పట్టినవాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ సరిగా కనపడదు, అంత దూరం.

ఆ కేంద్రంలో అందరికీ ఆదర్శం కాళిదాసు మాస్టారు. ఆయన కాలేజీలో లెక్చరరుగా చేసి మానేశారు. నాలుగు నెలలుగా రోజూ వచ్చి, దుంగను లేత్‌కు బిగించి, మిషను వేసి, ఉలిని చెక్కకు జానెడు దూరంలో గాలిలో ఆడిస్తూ గంటసేపు సాధన చేసి వెళ్ళేవారు. ఆయన దుంగ నాలుగు పలకలుగా వచ్చింది, నాలుగు పలకలుగానే ఉంది.

"చూసి నేర్చుకోండి" అని ఆనందభూపతి గారు కొత్తవాళ్ళకు చూపించేవారు. "నాలుగు నెలల కఠోర శ్రమ. ఒక్క గ్రాము పోలేదు."

పాపం, ఎండలు ముదిరాక ఆ దుంగ తనంతట తనే ఎండి కాస్త తేలికైంది. మాస్టారికి నోటీసు ఇచ్చారు. ఉలి తగలకుండానే తరుగు ఎలా వచ్చిందని ఆయన వివరణ ఇచ్చుకోలేకపోయారు. అప్పటినుంచి మాస్టారు రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు తెచ్చి దుంగ మీద చల్లి, ఆ తరవాతే గాలిలో సాధన మొదలుపెట్టేవారు. వానాకాలానికి దుంగకు పుట్టగొడుగులు మొలిచాయి. అది నిల్వలో వృద్ధి కింద నమోదైంది.

లింగమూర్తికి గాలి చెక్కే ఓపిక లేదు. కూతురికి నెలలు నిండుతున్నాయి. మొదటిరోజే ఉలిని చెక్కకు తగిలించాడు. తగిలించీ తగిలించగానే ఉలి చెక్కలో ఇరుక్కుని, దుంగ లేత్‌లోంచి ఊడిపోయి, గోడకు కొట్టుకుని, పసుపు గీత అవతల నిలబడ్డ అప్పలకొండ కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ పోయింది.

"బాబోయ్! గీత దాటినోడిని కాదు బాబూ, గీత అవతలే ఉన్నాను! అదే నా కాడికొచ్చీసింది" అని వాడు లబోదిబోమన్నాడు.

చెక్క రూలు తప్పింది గానీ మనిషి రూలు తప్పలేదని తేల్చి వాణ్ణి క్షమించారు.

రెండో రోజూ ఇరుక్కుంది. మూడో రోజు మణికట్టు వాచింది. నూకరత్నం ఆముదం రాస్తూ, "గేదె తన్నినా ఇంత వాపు రాలేదు కదండీ" అంది. ఉలిని చెక్క మీదికి పొడవకూడదని, ముందు దాని వీపు చెక్కకు ఆనించి, తరవాత పిడి మెల్లగా పైకెత్తాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వాచిన చేత్తో గట్టిగా పొడవలేక, మెల్లగా ఆనించాడు కాబట్టి తెలిసింది. ఆనించగానే అప్పటిదాకా టకటక కొట్టుకుంటున్న దుంగ ఒక్కసారి సణిగే గొంతుకి దిగింది. ఉలి అంచు నుంచి సన్నటి పొట్టు రిబ్బను చుట్టలా లేచి ఆయన భుజం మీదుగా వెనక్కు జారింది. పచ్చి జామాకు వాసనలాంటిదేదో వచ్చింది. ఏడాది ఎండిన కొమ్మలో ఆ వాసన ఇంకా ఎక్కడ దాక్కుందో! లింగమూర్తి మిషను ఆపి చెయ్యి పెట్టి చూశాడు. చెక్క గుండ్రంగా, నున్నగా, కొంచెం వెచ్చగా ఉంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. అరవై దాటాక ఒక కొత్త పని చేతికి లొంగితే ఎంత సంతోషంగా ఉంటుందో ఆయన అంతకుముందు ఎరగడు.

అదృష్టం కొద్దీ అప్పుడే ఆనందభూపతి గారు శూన్య తరుగు మీద ప్రసంగించడానికి రాజధానికి పిలుపు అందుకుని వెళ్ళారు. ఆయన లేని రోజుల్లో లింగమూర్తి గిలక్కాయకు పిడి చెక్కాడు. బుర్ర లోపల తొలిచాడు. తొలిచిన బుర్రలో కడిగి ఆరబెట్టిన చింతగింజలు వేసి, చెక్క బిరడా బిగించాడు. తిరుగుతున్న చెక్కకు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఎర్రది, పచ్చది రెండు పట్టీలు వేశాడు. ఊపి చూశాడు. గలగలా మోగింది. అదే వారంలో రోహిణికి ఆడపిల్ల పుట్టింది.

ఉయ్యాల వేడుక ముందురోజు గిలక్కాయను కాటా మీద పెట్టాడు. అప్పటికి తిరిగివచ్చిన ఆనందభూపతి గారు ముల్లు చూసి, ముల్లు చెడిందేమోనని కాటాను గుద్ది, మళ్ళీ చూశారు. గిలక్కాయ నూరు గ్రాములకు కాస్త ఎక్కువ తూగింది.

"మిగతా చెక్క ఏదీ?" అన్నారు.

"అదిగోనండీ, నేల మీద పొట్టు."

"నేల మన నిల్వ పట్టీలో లేదు."

"గుండ్రంగా చెయ్యాలంటే మూలలు పోవాలి కదండీ" అన్నాడు లింగమూర్తి.

"మూలలు పోగొట్టుకుని గుండ్రంగా చెయ్యడం ఎవరైనా చేస్తారు. మూలలు పోకుండా గుండ్రంగా చెయ్యడం, అదీ నైపుణ్యం! దానికోసమే ఇంత కేంద్రం నెలకొల్పబడింది." ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "కిలోన్నర ప్రభుత్వ కలపలో నూరు గ్రాములు మిగిల్చి, దాన్ని వస్తువంటారా? దీన్ని నేను తమకు ప్రదానం చెయ్యజాలను."

"రేపు పాపను ఉయ్యాల్లో వేస్తున్నామండీ. ఒక్క రోజుకి ఇప్పించండి. తెచ్చిచ్చేస్తాను."

"సెంటిమెంటుకు మేం వ్యతిరేకం కాదు" అన్నారు ఆనందభూపతి గారు. "తూకానికి లోబడిన సెంటిమెంటును ప్రోత్సహిస్తాం."

గిలక్కాయ స్టోర్‌రూము బీరువాలోకి వెళ్ళింది. మర్నాడు ఉయ్యాల్లో పాప చేతిలో బజారులో కొన్న ప్లాస్టిక్ గిలక్కాయ పెట్టారు. దాని రంగు పాప అరచేతికి అంటుకుంది. రోహిణి తండ్రిని ఏమీ అడగలేదు. ఆయన మణికట్టు వాపు చూసి, "పోనీలే నాన్నా" అంది. అడిగి, నిష్ఠూరమాడి ఉంటే బాగుండేదని లింగమూర్తికి అనిపించింది. వేడుక భోజనాల్లో ఆయన పప్పు కూడా సరిగా కలుపుకోలేదు.

ఆనందభూపతి గారు కఠినుడు కాదు. ఆయన ఆలోచించి ఒక దారి చూపించారు. పోయిన చెక్క పొట్టు రూపంలో ఉన్నమాట నిజమే అయితే, ఆ పొట్టును జిగురుతో గిలక్కాయకే తిరిగి అతికిస్తే తూకం సరిపోతుంది కదా! దీనికి 'పూర్వస్థితి పునరుద్ధరణ' అని పేరు పెట్టారు. మర్నాటినుంచి లింగమూర్తి నేల ఊడ్చి, పొట్టు ఏరి, జిగురు రాసి, తను చేసిన గిలక్కాయకు పొర మీద పొర అతికించసాగాడు. పిడి మాయమైంది. ఎర్ర పట్టీ మాయమైంది, పచ్చ పట్టీ మాయమైంది. వారం తిరిగేసరికి అది పొట్టు పట్టిన మొద్దు అయి కూర్చుంది. ఊపితే లోపల ఎక్కడో గలగలమని, గొంతులో గుడ్డ కుక్కినట్టు వినిపించేది.

కాటా మీద పెట్టారు. కిలోన్నర దాటిపోయింది.

అప్పలకొండ బుగ్గ నొక్కుకున్నాడు. ఆనందభూపతి గారి మొహం పాలిపోయింది.

"అది జిగురు బరువండీ" అన్నాడు లింగమూర్తి.

"తక్కువొస్తే నిర్లక్ష్యం. దానికి మందలింపు చాలు" అన్నారు ఆయన నెమ్మదిగా. "ఎక్కువొస్తే? ఆ ఎక్కువ ఎవరిది? ఎక్కడినుంచి వచ్చింది? నా నిల్వలో నేను పెట్టనిది ఎందుకుంది? పాతికేళ్ళ సర్వీసులో తగ్గిన బస్తాలు చూశానుగానీ పెరిగిన బస్తా చూడలేదు. మూర్తి గారూ, ఈ అదనపు బరువును తక్షణం తొలగించండి."

తొలగించడానికి లేత్ ఎక్కించారు. మిషను తిరుగుతుంటే అతికించిన పొట్టు కావలసినంత మాత్రమే ఊడదు కదా, పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. తూకం తగ్గింది. మళ్ళీ అతికించమన్నారు. మళ్ళీ ఎక్కువైంది. మళ్ళీ చెక్కమన్నారు. వారానికోసారి అతికించడం, వారానికోసారి చెక్కడం. పై అధికారులకు వెళ్ళే నివేదికలో ఒక్కోసారి చెక్కడం ఒక్కో తయారీగా, ఒక్కోసారి అతికించడం ఒక్కో కలప సేకరణగా రాసుకున్నారు. ఒకే దుంగతో, కొత్తగా ఒక్క చెట్టు కొట్టకుండా, ఇన్ని తయారీలు చేసిన కేంద్రం ఇంకొకటి లేదని పైనుంచి ప్రశంస వచ్చింది. ఇతర కేంద్రాలవాళ్ళు వచ్చి పసుపు గీత అవతల నిలబడి చూసి వెళ్ళారు. పాప బోర్లా పడింది.

రోహిణికి ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం పాపను చంకనేసుకుని కేంద్రానికి వచ్చింది. తండ్రి జిగురు చేతులతో గీత లోపల కూర్చుని ఉన్నాడు. ఆమె తిన్నగా ఆనందభూపతి గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఆ కొమ్మ నాదండి. మా పెరట్లోది. మా నాన్న చేసిన గిలక్కాయ మా పాపకి ఇవ్వడానికి మీకేటి కష్టం?"

"అమ్మా, కొమ్మ తమదే. కలప మాది" అన్నారు ఆయన మర్యాదగా. "ఏ క్షణంలో కొమ్మ కలప అవుతుందో ఆ క్షణం కాటా మీద జరిగిపోయింది."

మాటల మధ్యలో అప్పలకొండ ఆ వారం తూకానికి మొద్దును ఎత్తి తెస్తున్నాడు. లోపల గింజలు కదిలాయి. చంకలో చిరాకు పడుతున్న పాప ఠక్కున ఆగి, అటు తల తిప్పి, బోసినోటితో నవ్వింది. అప్పలకొండకి ముచ్చటేసి ఇంకోసారి ఊపాడు. పాప కేరింతలు కొట్టింది. ఆ నవ్వుకు ఆనందభూపతి గారి మొహం కూడా మారింది. మనవలున్న మనిషి. కాసేపు కిటికీలోంచి చూస్తూ ఆలోచించి, గొంతు సవరించుకున్నారు.

"శబ్దానికి బరువు ఉందా?"

ఆయనే జవాబు చెప్పుకున్నారు.

"లేదు. బరువు లేనిది నిల్వలో భాగం కాదు. కావున సదరు వస్తువు యొక్క శబ్దమును లబ్ధిదారు గృహమునకు తీసుకొనిపోవుటకు కేంద్రమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. ఇప్పుడే ఉత్తర్వు ఇస్తున్నాను." ఆయన కళ్ళు చెమర్చాయి. "అమ్మా, ఇంక తృప్తేనా? శబ్దం పాపది."

రోహిణి ఆయన వంక గుడ్లప్పగించి చూసింది. పాపను సర్దుకుని వెళ్ళిపోయింది. మొద్దు స్టోర్‌లోకి వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా పాప ఏడుపు వినిపించింది.

ఆ ఏడుపు లింగమూర్తికి తలకెక్కింది. అన్నాళ్ళూ ఆయన తనదే తప్పనుకున్నాడు. ప్రారంభికుణ్ణి, నాకే చేతకాలేదనుకున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, "ఆ భూపతి గాడికి బుర్ర లేదే" అన్నాడు భార్యతో. ఉద్యోగంలో ఉండగా ఏ అధికారినీ 'గాడు' అని ఎరగడు.

"ఇన్నాళ్ళకి తెలిసిందేటి?" అంది నూకరత్నం. "మీకు తూకాలు కొత్తా? ముప్ఫై ఏళ్ళు మీరు తూచిందే తూకం. ఆయనకి కావలసింది గిలక్కాయా, తూకమా? తూకం ఆయన మొహాన పారేసి మనది మనం తెచ్చుకుందాం."

లింగమూర్తి లేచి అటక మీదినుంచి పాత పెట్టె దింపాడు. అందులో తక్కెడ ఉంది, మందులు నూరిన కల్వం ఉంది, దాని తెల్ల పింగాణీ రోకలి ఉంది. రోకలిని చేతిలోకి తీసుకున్నాడు. కింద బుర్ర, పైన పిడి. అచ్చం గిలక్కాయ ఆకారమే. బరువు మాత్రం ఎక్కువ. ఎక్కువైతే ఏం, అంతమేర పొట్టు తగ్గించుకుంటే సరి. రోకలి తూచాడు. జిగురు ఆరాక ఎంత ఉంటుందో ఒక చిప్పలో ఆరబెట్టి తూచాడు. ఆముదం, గంధకం, ఉప్పు కలిపి గేదె బతకాలో చావాలో తేల్చిన చేతులవి.

మర్నాడు పట్టపగలు, అందరూ చూస్తుండగా, పసుపు గీత లోపల ఆ పని చేశాడు. మొద్దును వేడినీళ్ళ గుడ్డతో తడిపి, ఉలితో రెండుగా విప్పి, గిలక్కాయను బయటికి తీసి పంచెలో దోపుకున్నాడు. దాని స్థానంలో రోకలిని పెట్టి, పొట్టు కప్పి, జిగురు రాశాడు. గీత అవతలినుంచి ఆనందభూపతి గారు, "శ్రద్ధ కనపడుతోంది మూర్తి గారూ!" అని మెచ్చుకున్నారు. అతికించడం ఆయన చూసి చూసి అలవాటైన పనే.

వారం ఆగి తూచారు. ముల్లు సరిగ్గా కిలోన్నర మీద నిలబడింది. ఇటు లేదు, అటు లేదు. ఆనందభూపతి గారు కాటాను గుద్దారు. ముల్లు ఊగి, మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది. ఆయన వెంటనే అప్పలకొండను పంపి స్వీట్లు తెప్పించారు. కాళిదాసు మాస్టారు నీళ్ళచెంబు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు.

సంబరంలో ఆనందభూపతి గారు మొద్దును చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మూర్తి గారూ, శబ్దం ఏదీ?"

పంచెలో దాచి తీసుకెళ్ళింది లింగమూర్తికి గుర్తొచ్చింది. కానీ అన్ని నెలలు ఆ కేంద్రంలో ఊరికే కూర్చోలేదు. చెక్కడం ఎంత నేర్చుకున్నాడో తెలియదుగానీ అక్కడి మాట నేర్చుకున్నాడు.

"తమరి ఉత్తర్వు ప్రకారం ఇంటికి తీసుకెళ్ళేనండీ" అన్నాడు చేతులు కట్టుకుని.

ఆనందభూపతి గారి ముడి విడిపోయింది. "మొత్తమా?"

"మొత్తం అండీ. కొంచెం కూడా మిగల్చలేదు."

"శభాష్!" అన్నారు ఆయన. "నేనిచ్చిన ఉత్తర్వు ఇంత సంపూర్ణంగా అమలైంది ఇదే మొదటిసారి."

కానీ తూకం సరిపోయిన వస్తువును ప్రదానం చెయ్యాలన్న నిబంధన ఉంది కదా? ఉంది. అయితే తూకం సరిపోయిన వస్తువు ఆ కేంద్రం మొత్తానికి అదొక్కటే. దాన్ని ఇచ్చేస్తే చూపించుకోవడానికి ఏం మిగులుతుంది? కాబట్టి దాన్ని అద్దాల బీరువాలో పెట్టి రోజూ పొద్దున్నే తూచి దండం పెట్టుకోవాలని నిర్ణయించారు. లింగమూర్తి అభ్యంతరం చెప్పలేదు. ఆయన ఉదారత్వాన్ని కూడా మెచ్చుకున్నారు.

పాపకు అన్నప్రాశన చేశారు. చెయ్యకుండా ఉంటే బాగుండదని ఆనందభూపతి గారిని పిలిచారు. రారనుకున్నారు, వచ్చారు. చాప మీద పుస్తకం, కలం, బంగారు గాజు, అన్నం గిన్నె పెట్టారు. పాప దేన్ని పట్టుకుంటే రేపు అందులో రాణిస్తుందని. ఆనందభూపతి గారు జేబులోంచి ఇనప తూనికరాయి తీసి, "పాప ప్రభుత్వ సర్వీసులోకి రావాలని నా ఆకాంక్ష" అంటూ మధ్యలో పెట్టారు. వాటి వెనక, లింగమూర్తి అంతకుముందే పెట్టి, ఆయన్ని చూశాక తియ్యడం మరిచిపోయిన గిలక్కాయ ఉంది.

పాప పాకుతూ బయల్దేరింది. పుస్తకాన్ని తోసేసింది. కలం మీద మోకాలు వేసింది. గాజు వంక చూడలేదు. తూనికరాయి అడ్డొస్తే దాని పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళి, గిలక్కాయను పిడి పట్టుకుని ఎత్తి, రెండు చేతులతో ఊపింది. ఎర్ర పట్టీ, పచ్చ పట్టీ మెరిశాయి. గది నిండా గలగలమంది.

రోహిణి సంతోషంతో చేతులు జోడించింది. అంతలో ఆనందభూపతి గారు ముందుకు వంగారు. నూకరత్నం గబుక్కున పాప మీదికి కొంగు లాగింది.

"దాచకండమ్మా" అన్నారు ఆయన. "అదేమిటో నాకు తెలుసు."

నూకరత్నం కొంగు మెల్లగా వెనక్కి తీసింది.

"బజారులో కొన్నది. రంగు చూస్తేనే తెలుస్తోంది. అసలుది అద్దాల బీరువాలో ఉంది, పొద్దున్న నేనే తూచి వచ్చాను." ఆయన పాప చేతిలోంచి గిలక్కాయను మెల్లగా తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపారు. మళ్ళీ ఊపారు. ఆ మొహం తృప్తితో వెలిగిపోయింది. "కానీ శబ్దం మాత్రం మనదే. ఇందులో పోసుకున్నారన్నమాట. జాగ్రత్త చేసుకున్నారు."

గిలక్కాయను పాప చేతిలో పెట్టి, తల నిమిరి, లింగమూర్తి వైపు తిరిగారు.

"మేం ఇచ్చినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది మూర్తి గారూ. ఎక్కడా తరుగు లేదు."